కాటా చీటీతో మొదలైన క్యాంపర్: కోనసీమలో ఒక కుటుంబానికి కట్టిన బండి

రావులపాలెం పక్కన మాకు బాడీ బిల్డింగ్ షెడ్డు ఉంది. రొయ్యలకీ చేపలకీ ఇన్సులేటెడ్ బాక్సులు కట్టడమే మా ప్రధానమైన పని. గత ఏడాది కొత్తపేట వైపు నుంచి ఒక కొబ్బరి రైతు కుటుంబం వచ్చి, తమ పికప్ మీద క్యాంపర్, అంటే ప్రయాణంలో ఉండి పడుకోవడానికి వీలైన పెట్టె, కట్టి పెట్టమన్నారు. భార్య స్కూల్ టీచరు. పదో తరగతి అమ్మాయి, ఆరో తరగతి అబ్బాయి, డెబ్భై దాటిన నాయనమ్మ. సెలవులొస్తే ఐదుగురూ కలిసి బయల్దేరాలి, లాడ్జీల కోసం వెతుక్కోకుండా ఎక్కడ పొద్దుపోతే అక్కడ ఆగాలి, ముందు మన్యం, తర్వాత హంపి, రామేశ్వరం, ఎప్పటికైనా లడఖ్ చూడాలి. ఇదీ వాళ్ల ఆశ. వాళ్లు ఒప్పుకున్నాకే, పేర్లు లేకుండా ఈ పనంతా రాస్తున్నాను.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఈ మధ్య మా దగ్గరికి ఇదే కోరికతో వచ్చేవాళ్లు పెరిగారు. అందరి ఫోన్లలోనూ విదేశీ క్యాంపర్ల వీడియోలే. మీ బండి ఎన్ని కిలోలు మోస్తుంది, మన డెల్టా గాలిలో ఆ పెట్టె రాత్రిపూట ఎలా ఉంటుంది అన్నవి ఆ వీడియోల్లో దొరకవు. ఈ రెండూ తేలకుండా పెట్టె బొమ్మ గీయకూడదని నా గట్టి నమ్మకం.

వాళ్లు తెచ్చిన కాగితంలో ఏసీ, ఫ్రిజ్, టాయిలెట్, ఐదుగురికి పడకలు, లోపలే వంటగది, వంద లీటర్ల నీళ్లు ఉన్నాయి. దానికి తోడు ఊళ్లో ఒక కార్పెంటరు గీసిన ప్లైవుడ్ డిజైనూ ఉంది. నేను ఆర్సీ అడిగాను. గ్రాస్ బరువు, అంటే మనుషులూ సామానుతో కలిపి బండి దాటకూడని మొత్తం, 2,950 కిలోలు, ఖాళీ బరువు 1,930. ట్యాంకు నిండా డీజిల్ కొట్టించి రైస్ మిల్లు కాటా ఎక్కిస్తే 1,990 చూపించింది. ఆ అరవై కిలోలూ ముందు గార్డువి, వెనక చేయించుకున్న ఇనుప జాలీవి. రెండూ విప్పించేశాం.

ఇక లెక్క చూడండి. 2,950లోంచి 1,930 తీస్తే 1,020. ఐదుగురూ కాటా మీద నిలబడితే 265. మిగిలింది 755. బట్టలు, గిన్నెలు, బియ్యం, జాకీ, పనిముట్లు అన్నీ కలిపి 110 అనుకున్నాం. మిగిలింది 645. నీళ్లు లీటరుకి కిలో కాబట్టి అరవై లీటర్లకి అరవై కిలోలు. 585. తిరుగు ప్రయాణంలో కొన్న సామాను, దార్లో పట్టిన బురద, ఎదుగుతున్న పిల్లలు ఉన్నారు కాబట్టి ఒక వంద వదిలేశాను. అంటే పెట్టె, అందులో బిగించిన ప్రతి వస్తువూ కలిపి 485 కిలోలు దాటకూడదు.

కార్పెంటరుగారి డిజైన్లో గోడలకి, కప్పుకి, నేలకి 19 ఎంఎం ప్లై రాశారు. ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కోటి దగ్గర దగ్గర 38 కిలోలు. పెట్టె చుట్టూ 28 చదరపు మీటర్లు ఉంది, అంటే తొమ్మిదిన్నర షీట్లు. గోడలకే 360 కిలోలు అయిపోయింది. అలమరలు, బల్లలు, ఇనుప ఫ్రేము కలిపితే మంచం మీద పరుపు వేయకముందే ఏడొందలు దాటుతుంది. రైతు ఆ కాగితం వంక కాసేపు చూసి, "అయితే మేస్త్రీగారూ, మనం కట్టించుకోవాల్సింది ఇల్లు కాదన్నమాట" అన్నారు. అక్కణ్ణుంచి పని సులువైంది.

వెనక ఇంకో కమాను (స్ప్రింగు పట్టీ) వేయిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. కమాన్లు పెంచితే బండి కిందికి కుంగదు, అంతే. యాక్సిల్, బ్రేకులు, చాసిస్, ఆర్సీలో రాసిన గ్రాస్ ఏవీ మారవు. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడుకి జరిమానా ఇరవై వేల నుంచి మొదలవుతుంది. నాకు దానికంటే మారేడుమిల్లి ఘాట్ దిగేటప్పుడు బ్రేకుల గురించే ఎక్కువ టెన్షన్.

ఏ బండి మీద కట్టాలి

పికప్ అమ్మేసి ఇంకోటి కొనాలా అన్నది కూడా చర్చకి వచ్చింది. ట్రావెలర్ లాంటి వ్యాను తీసుకుంటే లోపల నిటారుగా నిలబడొచ్చు, ఇంజిను ఆపి అలాగే వెనక్కి నడిచి వెళ్లి పడుకోవచ్చు. కానీ అది ఏడాదిలో పది నెలలు ఊరికే నిలబడి ఉండే బండి. పైగా సీట్లు పీకి మంచాలు వేస్తే చట్టం ముందు అది వేరే బండి అయిపోతుంది. మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చడానికి లేదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. మోటార్ కారవాన్లకి ఏఐఎస్-124 అని ప్రత్యేకమైన ప్రమాణం ఉంది. ఆ దారిలో వెళ్లదలచుకుంటే అనుమతి పొందిన తయారీదారు దగ్గర కొనుక్కోవడమే మంచిది.

చిన్న లారీ చాసిస్ అయితే బరువు సమస్యే ఉండదు. కానీ క్యాబిన్‌లో ముగ్గురికి మించి చోటుండదు. బండి కదులుతున్నప్పుడు పెట్టెలో మనుషుల్ని కూర్చోబెట్టడానికి నేను ఒప్పుకోను, ఎవరు ఎంత బతిమాలినా సరే. ఇంకొకటి, మా డెల్టాలో సగం రోడ్లు కాలవ గట్ల మీదే ఉంటాయి. ఒక పక్క కాలవ, ఇంకో పక్క వరి చేను, ఎదురుగా ధాన్యం ట్రాక్టరు. రేగడి మట్టి వానకి ఉబ్బి ఎండకి కుంగుతుంది కాబట్టి గట్టు రోడ్డు ఒకవైపుకి ఒరిగే ఉంటుంది. పుంత రోడ్లయితే ఇంకా ఇరుకు. వెడల్పూ ఎత్తూ ఎక్కువ ఉన్న బండి హైవే దిగిందంటే ప్రతి మలుపూ పరీక్షే.

అందుకని ఉన్న డబుల్ క్యాబ్ పికప్పే ఖాయం చేశాం. ఐదు సీట్లూ ఆర్సీలో ఉన్నవే, ఐదింటికీ బెల్టులు ఉన్నాయి. పెట్టెని తొట్టిలోకి దించి నాలుగు టర్న్‌బకిళ్లతో (తిప్పితే బిగిసే కొక్కేలతో) బిగించేలా, అక్కర్లేనప్పుడు తీసేసేలా కట్టాలనుకున్నాం. ఊరొచ్చాక నాలుగు కాళ్ల మీద పెట్టె కొబ్బరి తోటలో నిలబడుతుంది, బండి మళ్లీ దింపు కాయలు మోస్తుంది. బండికి వెల్డింగు లేదు, కొత్త బెజ్జం లేదు. పెట్టె బండి వెడల్పు దాటదు, వెనక్కి పొడుచుకు రాదు. ఇలాంటిది సరుకు కిందే లెక్క అన్నది నా అవగాహన. అయినా కట్టకముందే డ్రాయింగు పట్టుకెళ్లి బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారికి చూపించాం, ఇన్సూరెన్సు వాళ్లకి రాతపూర్వకంగా తెలియజేశాం. కట్టించుకునే ప్రతి వాళ్లూ ఈ రెండు పనులూ చేయాలి.

వెనక్కి పొడుచుకు రాకూడదనడానికి చట్టం ఒక్కటే కారణం కాదు. ఈ కుటుంబం అంతర్వేది వెళ్లినప్పుడల్లా సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లని గోదావరి దాటించే పడవ) ఎక్కి నరసాపురం వైపు దాటుతుంది. రేవు వాలులోంచి పంటు మీదికి ఎక్కేటప్పుడు బండి వెనక భాగం నేలకి ఆనుతుంది. తొట్టి తలుపు దాటి రెండడుగులు వేలాడే పెట్టె అయితే మొదటిసారే అక్కడ రాసుకుపోతుంది.

బరువు ఎక్కడ కూర్చోవాలి

మొత్తం ఎన్ని కిలోలు అన్నది ఎంత ముఖ్యమో, ఆ బరువు ఎక్కడ ఆనుతుంది అన్నదీ అంతే ముఖ్యం. ఈ బండి ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య సుమారు మూడు మీటర్లు. మొదటి డ్రాయింగులో నీళ్ల ట్యాంకు, బ్యాటరీ, గ్యాస్ మూడూ వెనక తలుపు దగ్గరే ఉన్నాయి, అక్కడైతే చేతికి అందుతాయని. అలా అయితే నీళ్లతో కలిపి 530 కిలోల పెట్టె బరువు వెనక యాక్సిల్ కంటే పాతిక సెంటీమీటర్లు వెనక్కి పడుతోంది. 530ని 0.25తో గుణించి మూడుతో భాగిస్తే 44. అంటే ముందు చక్రాల మీంచి 44 కిలోలు లేచిపోతాయి, వెనక యాక్సిల్ మీద 530 బదులు 574 కూర్చుంటాయి. స్టీరింగు తేలికైపోతుంది. రావులపాలెం దగ్గర గౌతమి బ్రిడ్జి మీద ఈదురుగాలి కొట్టినప్పుడు తేలిక స్టీరింగు అంటే ఏమిటో అక్కడ బండి నడిపినవాళ్లందరికీ తెలుసు.

అందుకని నీళ్లు, బ్యాటరీ రెండూ క్యాబిన్ వెనక గోడకి ఆనించి నేల మీదే పెట్టాం. పెద్దవాళ్ల పడక క్యాబిన్ కప్పు మీదికి సాగుతుంది కాబట్టి ఆ బరువూ ముందుకే పడింది. గ్యాస్ ఒక్కటే వెనక ఉంచాను. దాని సంగతి తర్వాత చెప్తాను.

రొయ్యల పెట్టె వేరు, మనుషుల పెట్టె వేరు

మాకు చేయి తిరిగిన పని ఇది. 40 ఎంఎం పఫ్ (పాలీయురెథేన్ ఫోమ్) ప్యానెల్, రెండు వైపులా ఒకటిన్నర ఎంఎం ఫైబర్ తొడుగు. చదరపు మీటరుకి ఆరున్నర కిలోల లోపే. అదే రేకు తొడుగైతే తొమ్మిదిన్నర. 28 మీటర్ల పెట్టెకి ఆ తేడా ఎనభై కిలోల పైమాటే. పఫ్ వేడిని ఆపినట్టు ప్లైవుడ్ ఆపలేదు. మందం సమానమైతే ప్లైవుడ్ లోంచి ఐదారు రెట్లు ఎక్కువ వేడి దూరుతుంది.

కానీ రొయ్యల బాక్సుని ఉన్నదున్నట్టు మనుషులకి ఇస్తే ప్రమాదం. ఆ బాక్సులో ఐసు ఉంటుంది, ఊపిరి ఉండదు. గాలి చొరకుండా మూయడమే అక్కడ పనితనం. ఒక మనిషి రాత్రంతా నిద్రలో ఊపిరి, చెమట కలిపి పావు లీటరు పైనే నీటిని గాల్లోకి వదులుతాడు. ఐదుగురంటే తెల్లారేసరికి లీటరు దాటుతుంది. మే నెలలో మా దగ్గర గాలి ముందే తడితో నిండి ఉంటుంది, ఇక ఆ లీటరు పోవడానికి చోటేది? పరుపు కిందికి, మూలల్లోకి, బట్టల్లోకి పోతుంది. వారంలో బూజు వాసన మొదలవుతుంది.

అందుకని గాలికి దారి ముందు గీసి, కిటికీలు తర్వాత గీశాం. నీడపడే పక్కన, నేలకి జానెడు ఎత్తులో దోమజాలీతో రెండు గాలిరంధ్రాలు. కప్పు మీద, పడకకి దూరంగా, వేడిగాలిని బయటికి లాగే 12 వోల్టుల ఫ్యాను. కింద చల్లగాలి లోపలికొస్తే పైన వేడీ తడీ కలిసి బయటికి పోతాయి. అగరుబత్తి వెలిగించి పొగ ఎటు నడుస్తుందో చూశాం. తలుపు మూసి ఉన్నా పొగ నేల మీంచి పడకల పక్కగా పైకి లేచి, ఫ్యానులోకి వెళ్లింది. పరుపుల కింద చెక్క పలకలు వేసి, పైన అంగుళం మందం రబ్బరైజ్డ్ కాయిర్ షీటు పరిచాం. పీచు మధ్య గాలి ఆడుతుంది, పరుపు అడుగు ఆరుతుంది. అది మా అంబాజీపేట సీమ సరుకే. ఈ పనికి అంతకంటే మంచిది నాకు కనిపించలేదు.

ప్యానెళ్ల మధ్య ఇనుప పైపు ఫ్రేము పెట్టలేదు. లోపలి తొడుగునీ బయటి తొడుగునీ ఒకే ఇనుము తాకితే వేడైనా చలైనా దాని వెంటే నడుస్తుంది. అంచుల్లో అల్యూమినియం యాంగిల్ లోపలొకటి, బయటొకటి విడివిడిగా పెట్టి, మధ్యలో పీయూ సీలెంటుతో అతికించాం.

వంట లోపల వద్దని నేనే పట్టుబట్టాను. స్టవ్ వెనక తలుపు పక్క అరలోంచి బయటికి జారే బల్ల మీద ఉంటుంది, పైన రెక్క ఎత్తితే వాన పడదు. ఆవిరీ నూనె జిడ్డూ పెట్టెలోకి రావు. ఐదు కిలోల సిలిండరు కూర్చునే అర లోపలికి పూర్తిగా మూసి ఉంటుంది, దాని అడుగున బయటికి రంధ్రం ఉంటుంది. వంటగ్యాస్ గాలికంటే బరువు కాబట్టి లీకైతే కిందికే పారుతుంది. ఆ రంధ్రానికి ఎప్పుడూ సామాను అడ్డం పెట్టొద్దని అబ్బాయి చేతే తలుపు లోపల రాయించాను.

మామ్మగారి మెట్టు

పెట్టె మొత్తంలో నేను ఎక్కువసేపు ఆలోచించింది మెట్ల గురించి. తొట్టి నేల మూడడుగుల ఎత్తులో ఉంటుంది. మామ్మగారికి మోకాళ్ల నొప్పులు, రాత్రి రెండుసార్లు లేవాలి. షెడ్డులో ఇటుకలు పేర్చి, ఒక్కో వరస తీస్తూ ఆవిడ ఏ ఎత్తు దాకా ఆయాసం లేకుండా ఎక్కగలరో చూశాం. ఆరున్నర అంగుళాల దగ్గర ఆవిడ చేయి గోడ పట్టుకోవడం మానేసింది. దాంతో ఐదు మెట్లు వచ్చాయి. మడత పెట్టే అల్యూమినియం మెట్లు, రెండు పక్కలా పట్టుకోవడానికి పైపు, తడి కాలు జారకుండా గరుకు పట్టీ, చీకట్లో వెలిగే చిన్న లైటు. అన్నీ కలిపి తొమ్మిది కిలోలు. ఆ తొమ్మిది కిలోల కోసం ఓవర్‌హెడ్ అలమర ఒకటి తీసేశాం.

కింద బెంచీ లాగితే మామ్మగారికీ అమ్మాయికీ పడక అవుతుంది. దాని పక్కనే పెట్టెలా మూసి ఉండే పోర్టబుల్ టాయిలెట్ పెట్టాం, చుట్టూ తెర. మొదట ఆవిడ సుతరామూ ఒప్పుకోలేదు. "పడుకునే చోట అదేంటి బాబూ" అన్నారు. కోడలే నచ్చజెప్పింది, వానలో, చీకట్లో, తెలియని ఊళ్లో గొడుగు పట్టుకుని దిగడం కంటే ఇదే నయం కదా అత్తయ్యా అని.

ఏసీ మాత్రం పోయింది. టన్ను ఏసీ రాత్రంతా నడవాలంటే ఐదారు యూనిట్ల కరెంటు కావాలి. మేం పెట్టిన 100 ఏహెచ్ లిథియం బ్యాటరీలో ఉండేది 1.28 యూనిట్లు. అలాంటివి నాలుగైదు బ్యాటరీలు, ఇన్వర్టరు, ఏసీ కలిస్తే నూరు కిలోలు దాటుతుంది. అందులో కొంత కప్పు మీద, అంటే ఒరిగిన గట్టు రోడ్డు మీద ఏ బరువూ ఉండకూడని చోట. దాని బదులు రెండు ఫ్యాన్లు, నలభై లీటర్ల ఫ్రిజ్, లైట్లు. అన్నీ కలిపి రోజుకి ఒక యూనిట్‌కి కాస్త అటూ ఇటూ. కప్పు మీది 330 వాట్ల ప్యానెల్ ఎండ ఉన్నరోజు దాన్ని పూడుస్తుంది, మబ్బు ఉన్నరోజు ఇంజిను నడుస్తుంటే డీసీ చార్జరు పూడుస్తుంది. బ్యాటరీ దగ్గర జానెడు లోపే ఫ్యూజు ఉంది.

తుప్పు గురించి రెండు మాటలు. ఓడలరేవు, అంతర్వేది వైపు ఉప్పుగాలి తగిలే బళ్లు ఎలా తినేసుకుపోతాయో రోజూ చూస్తున్నాం. ఇనుము మీద అల్యూమినియం నేరుగా ఆనితే ఆ ఉప్పు తేమలో అల్యూమినియం పొడిపొడిగా రాలుతుంది. ప్రతి కలయిక దగ్గరా రబ్బరు షీటో నైలాన్ వాషరో పెట్టాలి. జింకు పూత ఉన్న జీఐ పైపు వెల్డింగు చేస్తే అక్కడ జింకు కాలిపోతుంది, జింక్ పెయింటు రెండు కోట్లు వేయాలి.

పరీక్షలు

ముందు నీళ్లు. చెరువు మోటారు పైపుతో అరగంట అన్ని వైపులా కొట్టాం. తర్వాత మెలిక పరీక్ష. ముందు ఎడమ చక్రాన్నీ వెనక కుడి చక్రాన్నీ దిమ్మల మీదికి ఎక్కించి బండిని వంకరగా నిలబెట్టాం. చాసిస్ మెలిపడుతుంది, క్యాబిన్ ఒకవైపు, తొట్టి ఒకవైపు తిరుగుతాయి. పెట్టెని తొట్టికి బిర్రుగా బిగిస్తే ఆ మెలికంతా పెట్టె మూలల్లోకి వస్తుంది. అందుకని అడుగున రబ్బరు మ్యాటు, ముందు రెండు టర్న్‌బకిళ్లకి గట్టి స్ప్రింగులు పెట్టాం. క్యాబిన్ కప్పుకీ పడక అడుగుకీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంచాం. వంకరగా ఉన్నప్పుడు వెనక తలుపు తీసి వేసి చూశాను. గడియ చేతి బరువుకే పడింది. పెట్టె మెలితిరగడం లేదనడానికి నాకు అదే రుజువు.

ఆఖరికి కాటా. పెట్టె 472 కిలోలు వచ్చింది. నీళ్లు, సామాను, ఐదుగురు మనుషులతో బండి మొత్తం 2,840. ముందు చక్రాలు మాత్రమే ఎక్కిస్తే 1,150, వెనకవి 1,690. అంటే వెనక ఒక్కో టైరు మీద 845. టైర్ల లోడ్ ఇండెక్స్ 108, అంటే ఒక్కోటి వెయ్యి కిలోలు మోస్తుంది. గ్రాస్‌కి ఇంకా 110 మిగిలింది. ఆ చీటీకి జిరాక్స్ తీసి మా షెడ్డు గోడకి అతికించాను.

మొదటి ప్రయాణం మారేడుమిల్లి, తర్వాతది చలికాలంలో లంబసింగి. ఘాట్‌లో బ్రేకులు కాలిన వాసన రాలేదు, రెండో గేరులోనే దిగారు. లంబసింగిలో మాత్రం తెల్లారి లేచి చూస్తే కిటికీల అల్యూమినియం ఫ్రేముల మీదా, లోపలికి కనిపించే రివెట్ల తలల మీదా ఆవగింజలంత నీటి చుక్కలు వరసగా పేరుకున్నాయి. గోడలు, పడకలు పొడిగానే ఉన్నాయి. మా ఊళ్లో బయటి వేడి లోపలికి తోస్తుంది, కొండ మీద లోపలి తడి చల్లని లోహాన్ని వెతుక్కుంటుంది. టీచరమ్మగారు ఫోటో తీసి పంపారు, చుక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తులు పెట్టి మరీ. తిరిగొచ్చాక రివెట్ల మీద బ్యూటైల్ టేపు, ఫ్రేముల చుట్టూ సన్న చెక్క బద్దీ వేశాం. లడఖ్ వెళ్లేనాటికి కిటికీలకి లోపల రెండో పొర యాక్రిలిక్ పెట్టాలి. కొలతలు రాసుకున్నాను. ఆరు కిలోలు అవుతుంది, 110లో సరిపోతుంది.

ప్రస్తుతానికి వాళ్లకి చెప్పి పెట్టినవి ఇవీ: బయల్దేరిన తొలి యాభై కిలోమీటర్ల దగ్గర ఆగి టర్న్‌బకిళ్లు మళ్లీ బిగించాలి, కొత్త రబ్బరు మ్యాటు అణిగి అవి వదులవుతాయి. రోహిణి కార్తె ఎండలు అయిపోయాక, వానలు పట్టకముందు కప్పు మూలల సీలెంటు వేలితో నొక్కి చూడాలి. ఇంట్లో నిలబెట్టినప్పుడు గాలిరంధ్రాలు తెరిచే ఉంచాలి, పరుపులు నిలువుగా ఆనించాలి. ఏడాదికోసారి, సామానంతా ఎక్కించి, కాటా మీద తూయించి చీటీ నాకు పంపాలి.